రోస్టర్, ఇన్సెంటివ్, ఒక టీమ్ లీడ్: 148 మంది కంపెనీలో నచ్చినవీ నచ్చనివీ (కేస్ స్టడీ)

“జీతం తక్కువ, మేనేజ్‌మెంట్ బాగోదు, టీమ్ మాత్రం సూపర్.” ఏ కంపెనీలో అడిగినా ఉద్యోగుల మాట దాదాపు ఈ మూడు ముక్కల్లోనే వస్తుంది. వాటిలో అబద్ధం లేదు. కానీ వాటిని పట్టుకుని సోమవారం ఉదయం ఎవరు ఏం మార్చాలో మాత్రం తేలదు. ఆ మూడు ముక్కల్ని విప్పి, లోపల ఏముందో చూడటమే ఈ కేసులో జరిగిన పని.

ముందుగా ఒక మాట. ఇది ఒకే కంపెనీ కథ కాదు. ఉద్యోగుల సర్వేల్లో మళ్లీ మళ్లీ తగిలే చిక్కుల్ని ఒకచోట చేర్చి, లెక్క కళ్లకు కనబడేలా అంకెలు వేసుకున్న నమూనా కేసు. పద్ధతి, పొరపాట్లు, వాటి కారణాలు మాత్రం ఎక్కడికైనా వర్తిస్తాయి.

కంపెనీ యంత్రాల విడిభాగాలు అమ్ముతుంది, సర్వీస్ కూడా ఇస్తుంది. మొత్తం 148 మంది: కస్టమర్ సపోర్ట్‌లో 62, గోడౌన్‌లో 44, సేల్స్‌లో 20, అకౌంట్స్‌లో 14, ఐటీలో 8. గత ఏడాది 14 మంది మానేశారు. అందులో 10 మంది సపోర్ట్ వాళ్లే. ఎగ్జిట్ ఫారాలు తిరగేస్తే 11 మంది “మెరుగైన అవకాశం” అని రాసి సంతకం పెట్టారు. ఆ ఫారం నింపేనాటికి చివరి నెల జీతం, అనుభవ పత్రం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంటాయి. పోతూ పోతూ ఎవరు పేచీ పెట్టుకుంటారు? అన్ని లెక్కలూ తేలిన రెండు మూడు నెలలకు, లైన్ మేనేజర్‌తో సంబంధం లేని మనిషి ఫోన్ చేసి అడగాలి. ఇక్కడ 9 మంది దొరికారు. వాళ్లలో ఆరుగురు షిఫ్టుల గురించో, టీమ్ లీడ్ గురించో చెప్పారు.

ప్రశ్న మారితే జవాబు మారింది

పాత సర్వేలో ప్రశ్న ఇలా ఉండేది: “మా సంస్థలో మీకు నచ్చిన, నచ్చని అంశాలు రాయండి.” ఇలా అడిగితే వచ్చేవి విశేషణాలే: మంచి వాతావరణం, పని ఒత్తిడి, సహకారం లేకపోవడం. దాని బదులు రెండు ప్రశ్నలు పెట్టారు.

ఒకటి: గత నాలుగు వారాల్లో, పని ముగించుకుని వెళ్తూ “ఈరోజు బాగా గడిచింది” అనుకున్న రోజు ఒకటి గుర్తు చేసుకోండి. ఆ రోజు ఏం జరిగింది?

రెండు: అదే నాలుగు వారాల్లో “ఇక్కడ ఇంకెన్నాళ్లు?” అనిపించిన రోజు ఒకటి. ఆ రోజు ఏం జరిగింది? అలాంటిది ఎప్పుడో ఒకసారా, వారం వారమా, దాదాపు రోజూనా?

వీటికి తోడు ఐదు పాయింట్ల స్కేలుతో 18 వాక్యాలు, “ఇక్కడ పనిచేయమని స్నేహితులకు చెబుతారా?” అన్న 0–10 ప్రశ్న ఒకటి. అంతకు మించి పెట్టలేదు. ప్రశ్నలు 40 దాటితే చివరి పేజీలో అందరూ వరసపెట్టి 3 కొట్టుకుంటూ పోతారు, అది డేటా అనిపించుకోదు.

సంఘటన అడిగే ఈ పద్ధతి పాతదే. అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్లానగన్ 1954లో దీన్ని పద్ధతిగా రాసిపెట్టాడు. 1959లో అచ్చైన అధ్యయనం కోసం మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ఇలాగే అడిగింది. బాగా అనిపించిన రోజుల్లో సాధించిన పని, గుర్తింపు, పని స్వభావం కనిపించాయి. విసుగెత్తిన రోజుల్లో కంపెనీ నిబంధనలు, పర్యవేక్షణ, జీతం, పని పరిస్థితులు కనిపించాయి. అంటే నచ్చకపోవడానికి కారణాలు వేరు, నచ్చడానికి కారణాలు వేరు. ఒకటి తీసేస్తే రెండోది దానంతట అది పుట్టదు.

దీన్ని గుడ్డిగా నమ్మనక్కర్లేదు. 1964లో మరో మనస్తత్వవేత్త వ్రూమ్ ఎత్తిన అభ్యంతరం సబబైనదే: మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అనుకోవడం మనిషి స్వభావం, అలాంటప్పుడు రెండు జాబితాలూ వేరుగా రావడంలో వింతేముంది? అందుకే ఈ కేసులో రెండు జాబితాలనూ ఒకదానితో ఒకటి తూచలేదు. పైగా నచ్చని ప్రతి అంశానికీ రికార్డులో సాక్ష్యం దొరుకుతుందా అని విడిగా చూశారు. రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) సంగతి బయటపడింది అక్కడే.

జవాబివ్వని వాళ్లు

మొదటి నాలుగు రోజుల్లో సపోర్ట్ నుంచి 49 జవాబులు, గోడౌన్ నుంచి 11. “గోడౌన్ వాళ్లకు ఆసక్తి లేదు” అని రాసేసుకోవడం తేలిక. అసలు కారణాలు రెండు. లింకు ఆఫీసు మెయిల్‌కి వెళ్లింది. గోడౌన్‌లో చాలామందికి ఆఫీసు మెయిలే లేదు. వాళ్లకోసం పెట్టిన ట్యాబ్లెట్ ఏమో సూపర్‌వైజర్ బల్ల పక్కన ఉంది. ట్యాబ్లెట్‌ని విశ్రాంతి గదికి మార్చి, కాగితం ఫారం, తాళం వేసిన పెట్టె పెట్టి, షిఫ్ట్ లోపలే పదిహేను నిమిషాలు కేటాయించాక అది 32కి చేరింది. మొత్తం 117 మంది, అంటే 79 శాతం. సపోర్ట్ 52, గోడౌన్ 32, సేల్స్ 15, అకౌంట్స్ 12, ఐటీ 6.

పేరు అడగకపోయినంత మాత్రాన మనిషి దాగడు. ఏడుగురికి తక్కువైన ఏ గుంపు ఫలితమూ విడిగా చూపకూడదని ముందే నియమం పెట్టుకున్నారు. ఐటీ 6 కాబట్టి దాన్ని అకౌంట్స్‌తో కలపాలి. మొదటి డ్రాఫ్ట్ రిపోర్టులో మాత్రం ఐటీని ఖాళీగా వదిలేసి మిగతా నాలుగూ, పక్కనే మొత్తం సగటూ ఇచ్చారు. మొత్తంలోంచి నాలుగింటినీ తీసేస్తే ఐటీ స్కోరు కాలిక్యులేటర్‌లో వచ్చేస్తుంది. ఈ తీసివేత పొరపాటు చాలా రిపోర్టుల్లో ఉంటుంది, చూసేవాళ్లే ఉండరు. రాతపూర్వక జవాబులకు ఇంకో ప్రమాదం: “నేను ముగ్గురు లీడ్‌ల కింద చేశాను” అన్న ఒక్క వాక్యం చాలు మనిషిని పట్టేయడానికి. అందుకని ఉద్యోగులు రాసిన మాటల్ని మేనేజర్లకు యథాతథంగా ఇవ్వలేదు. అంశాలు, వాటి సంఖ్యలు మాత్రమే ఇచ్చారు.

“జీతం” అన్న మాట విప్పితే

ఒక్కో జవాబులో రెండు మూడు సంగతులుంటాయి. విడగొడితే నచ్చినవి 131 ముక్కలు, నచ్చనివి 204 ముక్కలు వచ్చాయి. ఒక్కో ముక్కకు ఒక్కటే అంశం. ఇద్దరు విడివిడిగా కూర్చుని 60 ముక్కలకు కోడ్ వేశారు, అంటే ఏది ఏ అంశం కిందికి వస్తుందో గుర్తు పెట్టారు. 36 చోట్ల మాత్రమే కలిసింది. వినడానికి 60 శాతం. కానీ అందులో యాదృచ్ఛికంగా కలిసేది 20 శాతం దాకా ఉంటుంది కాబట్టి కోహెన్ కప్పా (యాదృచ్ఛికంగా కలిసేది తీసేసి ఇద్దరి మధ్య పొంతనను చూపే కొలత) లెక్కన (0.60 − 0.20) ÷ 0.80, అంటే 0.50. అది చాలదు. తేడాలు ఎక్కడొచ్చాయో పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు అన్నీ ఒక్కచోటే: “లీవ్ అడిగితే మేనేజర్ పట్టించుకోలేదు” అన్నది మేనేజర్ ఖాతాలోనా, షెడ్యూల్ ఖాతాలోనా? నియమం రాసుకున్నారు: మనిషి మారినా అదే జరిగేలా ఉంటే అది విధానం, ఆ మనిషితోనే జరిగేదైతే మేనేజర్. తెలియకపోతే “తేలనిది”. రెండో విడత కొత్త 60 ముక్కల్లో 45 కలిశాయి, కప్పా 0.69. అప్పుడే మిగతావి మొదలుపెట్టారు.

ఈ నియమం చిన్నదే, కానీ ఇది లేకపోతే రోస్టర్ సమస్య మొత్తం “మేనేజర్లు బాగోలేరు” అన్న బుట్టలో పడేది. మేనేజర్లకు రెండు రోజుల ట్రైనింగ్ పెట్టి చేతులు దులుపుకునేవారు.

నచ్చనివాటిలో మొదటి స్థానం ఊహించినట్టే జీతానిది, 204లో 48. అక్కడే ఆగితే పై నుంచి వచ్చే జవాబు “బడ్జెట్ లేదు”. ఆ 48ని మళ్లీ చదివితే మూడు కుప్పలయ్యాయి. జీతం మొత్తమే చాలట్లేదన్నవి 13. ఇంక్రిమెంట్ ఎందుకు ఇంత వచ్చిందో, పక్కవాళ్లకు ఎందుకు ఎక్కువొచ్చిందో ఎవరూ చెప్పలేదన్నవి 19. ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు), ఇన్సెంటివ్ తప్పుగా వేశారు, లేదా ఆలస్యం చేశారు అన్నవి 16. అంటే జీతం గురించి వచ్చిన ఫిర్యాదుల్లో డబ్బు పెంచితే తప్ప తీరనివి 27 శాతమే. మిగతావి లెక్క చూపించకపోవడం వల్ల వచ్చినవి.

ఇన్సెంటివ్ సంగతి కాస్త దగ్గరగా చూడాలి. సపోర్ట్‌లో మూసిన టికెట్లను, అంటే పరిష్కరించిన కస్టమర్ ఫిర్యాదులను బట్టి ఇన్సెంటివ్. కస్టమర్ 72 గంటల్లో మళ్లీ ఫిర్యాదు చేస్తే ఆ టికెట్ తీసేస్తారు. నెలాఖరున ఎక్సెల్ షీట్‌లో తీసేసేది ఒకరు, పేరోల్‌లో ఎక్కించేది మరొకరు. ఉద్యోగికి చేరేది చివరి మొత్తం ఒక్కటే. 140 టికెట్లు మూశాననుకున్న మనిషికి 118 లెక్కన డబ్బు వస్తే, ఆ 22 ఏవో ఎక్కడా కనిపించవు. అందులో సగం న్యాయంగానే తీసి ఉండొచ్చు. అయినా అతను దొంగ లెక్క అనే అనుకుంటాడు. ఎందుకు అనుకోకూడదు?

ఒక్కటీ రిజెక్ట్ చేయని మేనేజర్

జీతం తర్వాత రోస్టర్, 41 ముక్కలు, దాదాపు అన్నీ సపోర్ట్‌వే. సోమవారం మొదలయ్యే వారానికి రోస్టర్ శనివారం సాయంత్రం మెయిల్‌లో వస్తోంది. షిఫ్ట్ మార్చుకోవాలంటే ఉద్యోగి టీమ్ లీడ్‌కి, లీడ్ మేనేజర్‌కి, మేనేజర్ షెడ్యూలింగ్ చూసే వ్యక్తికి పంపాలి. షెడ్యూలింగ్ వ్యక్తికి ఆదివారం సెలవు. మెయిల్ శనివారం రాత్రి బయలుదేరితే తొలి రెండు షిఫ్టులకు జవాబు వచ్చే దారే లేదు.

మేనేజర్‌ని అడిగితే “షిఫ్ట్ మార్పు నేను ఒక్కటీ రిజెక్ట్ చేయలేదు” అన్న జవాబు వచ్చింది. రికార్డు తీశారు. నాలుగు వారాల్లో 57 అభ్యర్థనలు. షిఫ్ట్ మొదలయ్యేలోపు ఓకే అయినవి 31. షిఫ్ట్ అయిపోయాక ఓకే అయినవి 9. అసలు జవాబే లేనివి 17. రిజెక్ట్ అయినవి సున్నా. మేనేజర్ చెప్పింది అక్షరాలా నిజం. ఉద్యోగులు “అడిగినా ఇవ్వరు” అన్నదీ నిజమే. డాష్‌బోర్డులో ఆమోదం, తిరస్కారం అని రెండే గళ్లున్నాయి, “జవాబు లేదు” అన్న గడి లేదు. ఎక్కడ పనిచేసినా ఇది వెతకదగ్గ చోటు: కాదన్నవాటి లెక్క కాదు, పలకనివాటి లెక్క.

ఇదే నాలుగు వారాల్లో సపోర్ట్‌లో ముందుగా చెప్పకుండా రాని షిఫ్టులు 34. జవాబు రాని 17లో 12 ఇందులోనే ఉన్నాయి. అంటే “క్రమశిక్షణ లేదు” అని పేరు పడిన గైర్హాజరీలో మూడో వంతు పైగా, ముందే అడిగి, జవాబు కోసం చూసి, ఇక తప్పక మానేసినవి.

నచ్చినవాటిని కూడా అనుమానించాలి

నచ్చినవాటిలో తోటివాళ్లు 46, పని పూర్తయినట్టు కళ్లకు కనబడటం 29, కొత్తగా నేర్చుకున్నది 24, మిగతావన్నీ కలిపి 32.

29 గురించి రెండు మాటలు. ఇది ఎక్కువగా గోడౌన్ నుంచి వచ్చింది. గోడౌన్ గోడ మీద డిస్పాచ్ బోర్డు ఉంటుంది, ఉదయం నిండుగా, సాయంత్రానికి ఖాళీగా. “బోర్డు ఖాళీ అయ్యాక తలుపు వేసి వెళ్లిన రోజు” అన్న అర్థంలో చాలా జవాబులున్నాయి. అదే సపోర్ట్‌లో టికెట్ల క్యూ ఎప్పటికీ సున్నా కాదు. 40 మూస్తే 43 వస్తాయి. గోడౌన్ పని ఒంటికి ఎక్కువ శ్రమ, అయినా రోజు ముగిసినట్టు తెలుస్తుంది. పరిశోధకులు హ్యాక్‌మన్, ఓల్డ్‌హమ్ 1970లలో పని స్వభావంలో చూడమన్న ఐదు లక్షణాల్లో పని తల నుంచి తోక దాకా కనబడటం, ఫలితం తెలియడం రెండూ ఉన్నాయి. వాళ్ల జాబితా తెరవకపోయినా ఆ బోర్డు చెబుతుంది.

తోటివాళ్లు 46 అన్నది చూసి హెచ్‌ఆర్ మురిసిపోతుంది. తొందరపడకూడదు. వాటిలో 15 ఒకే రకం: “ఫలానా సీనియర్ దగ్గరుండి చూపించకపోతే ఆ రోజు గట్టెక్కేవాణ్ని కాదు.” అంటే కంపెనీ నేర్పాల్సింది ఒక మనిషి నేర్పుతున్నాడు, అదీ తన పని పక్కనపెట్టి. ఆ మనిషి మానేస్తే ఈ “నచ్చినది” అంతా అదే వారం ఫిర్యాదుగా మారుతుంది. ఇలాంటివాటికి జాబితాలో ప్రత్యేక గుర్తు పెట్టాలి: ఒక్క మనిషి మీద నిలబడ్డ ఇష్టం.

సగటు దాచింది

“నా లీడ్ నాకు కావలసిన సాయం చేస్తారు” అన్న వాక్యానికి సపోర్ట్ సగటు 3.85. ఆకుపచ్చ రంగు పడింది. టీమ్‌లవారీగా చూస్తే 4.3, 4.1, 4.2, 2.4, 4.0. నాలుగో టీమ్‌లో జవాబిచ్చిన 9 మంది వేసినవి 1, 1, 2, 2, 2, 3, 3, 4, 4. సగటును రిపోర్టులో పెట్టే ముందు ఇలా విడిగా రాసుకుని చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ లీడ్ చెడ్డవాడని తీర్పు చెప్పడానికి ఇది చాలదు. డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా ఎక్కువ టికెట్లు మూసిన మనిషిని లీడ్ చేశారు, కష్టమైన టికెట్లు మాత్రం అతని దగ్గరే ఉంచారు. రోజుకు సుమారు ఐదు గంటలు సొంత టికెట్ల మీదే. మిగిలిన మూడు గంటల్లో టీమ్‌ను చూడాలి. కాబట్టి అతను టీమ్‌తో మాట్లాడేది తప్పు జరిగినప్పుడే. టీమ్ దృష్టిలో లీడ్ వచ్చాడంటే తిట్లు వచ్చాయనే.

మార్చినవి, బెడిసికొట్టినవి

నచ్చనివి 204 ఉన్నాయి కదా అని 20 పనులు పెట్టుకోలేదు. మూడే: రోస్టర్, ఇన్సెంటివ్ స్లిప్, నాలుగో టీమ్ లీడ్ పని. సర్వే ముగిసిన 12వ రోజున ఫలితాలు అందరికీ చెప్పారు, చేయబోనివి కూడా చెప్పారు. జీతాల స్థాయి ఈ ఏడాది మారదని సూటిగా చెప్పడం వల్ల అలజడి ఏమీ రాలేదు. నాన్చి ఉంటే వచ్చేది.

రోస్టర్ 14 రోజుల ముందే ఖాయం చేసి పెట్టాలి. ఒకే నైపుణ్యం ఉన్న ఇద్దరు షిఫ్ట్ మార్చుకుంటే షేర్డ్ షీట్‌లో ఇద్దరూ గుర్తు పెడితే చాలు. 24 గంటల్లో లీడ్ ఏమీ అనకపోతే అది ఓకే అయినట్టే. ఒక్కటే అడ్డు: రెండు షిఫ్టుల మధ్య 11 గంటల విశ్రాంతి తగ్గకూడదు. యూరోపియన్ యూనియన్ పని వేళల నిబంధనల్లో రోజువారీ కనీస విశ్రాంతి అదే. ఆ చట్టం వర్తించని చోట కూడా కొలతగా పనికొస్తుంది.

మూడో వారానికే ఇది ఒకసారి బెడిసికొట్టింది. కొత్తగా చేరినవాళ్లు కాదనలేక సీనియర్ల రాత్రి షిఫ్టులు తీసుకున్నారు. ఒకరికి 14 రోజుల్లో 9 రాత్రులు పడ్డాయి. ఇద్దరి ఒప్పందం అన్నది పేరుకే, ఒకరి మొహమాటం మీద నడిచింది. నెలకు ఒక్కొక్కరికి నాలుగు మార్పులు, వరసగా నాలుగు రాత్రులకు మించకూడదు, మొదటి 90 రోజుల్లో ఉన్నవాళ్లకు లీడ్ ఓకే తప్పనిసరి అని మూడు షరతులు చేర్చారు.

ఇన్సెంటివ్‌కి జీతానికి ఐదు రోజుల ముందు స్లిప్: మూసిన టికెట్లు ఎన్ని, తీసేసినవి ఎన్ని, తీసేసిన ప్రతి టికెట్ నంబరు, కారణం. అభ్యంతరానికి రెండు రోజులు. మొదటి నెల 23 అభ్యంతరాలు వచ్చాయి, అందులో 9 కంపెనీ తప్పే. చాలావరకు ఒకే లోపం: వేరే ఉత్పత్తి గురించి కస్టమర్ మళ్లీ ఫోన్ చేసినా పాత టికెట్ తిరిగి తెరుచుకుంటోంది. రెండో నెల 11, మూడో నెల 4.

నాలుగో టీమ్ లీడ్ సొంత టికెట్లు ఆరు వారాలు ఆపేశారు. వారానికి ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు, తప్పులు లేకపోయినా సరే.

పన్నెండు వారాల తర్వాత

అవే రెండు ప్రశ్నలు మళ్లీ అడిగారు. 112 మంది జవాబిచ్చారు. నచ్చనివాటిలో రోస్టర్ 41 నుంచి 12కి దిగింది. నచ్చినవాటిలో రోస్టర్ గురించి రాసినవాళ్లు ఇద్దరే. ఎండీకి ఇది మింగుడుపడలేదు: ఇంత చేశాం, ఒక్కరూ మెచ్చుకోరేం? కుళాయి కారడం ఆగితే ఎవరూ రోజూ దాన్ని తలుచుకోరు. కొలవాల్సింది వేరే చోట. చెప్పకుండా రాని షిఫ్టులు నాలుగు వారాలకు 34 నుంచి 19కి తగ్గాయి. ఇదంతా రోస్టర్ పుణ్యమే అనడానికి లేదు, ఆ నెలల్లో కాల్స్ కూడా తగ్గాయి. జవాబు రాని అభ్యర్థనలు 17 నుంచి సున్నాకి రావడం మాత్రం కచ్చితంగా పద్ధతి మారడం వల్లే.

స్నేహితులకు చెబుతారా అన్న 0–10 ప్రశ్నలో 9, 10 వేసినవాళ్ల శాతం నుంచి 0–6 వేసినవాళ్ల శాతం తీసేస్తే మొదట −12, ఇప్పుడు −7. స్లైడ్ మీద ఇది పెద్ద అక్షరాలతో పెట్టబోయారు. వద్దనడానికి ఒక లెక్క చాలింది: 117 మందిలో ఆరుగురు 6 బదులు 7 వేస్తే చాలు, స్కోరు ఐదు పాయింట్లు పెరుగుతుంది.

నాలుగో టీమ్ స్కోరు 2.4 నుంచి 3.1కి వచ్చింది, 8 జవాబులతో. ఈలోగా ఆ టీమ్‌లో ఇద్దరు మానేశారు. తక్కువ వేసినవాళ్లే వెళ్లిపోయి ఉంటే, ఎవరి అభిప్రాయమూ మారకపోయినా సగటు దానంతట అదే పెరుగుతుంది. పేర్లు లేని సర్వేలో అది తేల్చే మార్గం లేదు. ఆ టీమ్‌కి మరో విడత అయ్యేదాకా లీడ్ దగ్గరికి టికెట్లు తిరిగి పంపకూడదని నిర్ణయించారు. ఇంక్రిమెంట్ కారణాలు చెప్పలేదన్న 19 ఫిర్యాదులు మాత్రం రెండో విడతలో 21 అయ్యాయి. అక్కడ ఇంకా ఏమీ చేయలేదు.